బెల్టు తీసిన మిషను

పద్నాలుగో వారం బరంపురంలో
గర్భసంచి మూతికి కుట్టు వేశారు.
పాణిగ్రాహి మేడం ఒడియాలో చెప్పింది: సిలెయి.
నాకా మాట విడమర్చి చెప్పనక్కర్లేదు.
పర్లాకిమిడి బజార్లో పదకొండేళ్ళుగా
నా బోర్డు మీద రెండు లిపుల్లో ఉన్నది అదే.

ఏ దారం, అని అడిగాను.
గట్టిదే, అని నవ్వింది.
జాకెట్లు చేతికిచ్చేటప్పుడు నేనూ అలాగే అంటాను.
చంక దగ్గర పిగిలితే తెచ్చి
నా బల్ల మీద పడేసిన వాళ్ళ మొహాలన్నీ
ఆ బల్ల మీద పడుకుని గుర్తుచేసుకున్నాను.

మొదటిది ఇరవై ఆరో వారంలో జారిపోయింది.
జారిపోయింది అనకూడదు.
పుట్టింది. ఏడ్చింది కూడా,
కొత్త గుడ్డ చింపినప్పటి చప్పుడంత.
తొమ్మిది రోజులు గాజుపెట్టెలో ఉంది.
ముందే కుట్టి ఉంచిన జుబ్బా
దాని పాదాలు దాటి బెత్తెడు మిగిలింది.
ఒడియాలో పిలా అంటే బిడ్డ, ఆడైనా మగైనా.
నర్సు పిలా అన్నప్పుడల్లా
"అవునమ్మా, పిల్లే" అనేది మా అత్త.
పదో రోజు ఇద్దరికీ ఆ మాట అవసరపడలేదు.

ఈసారి ఏమీ కుట్టలేదు.
బరంపురం నుంచి వచ్చిన రాత్రే
దాలినాయుడు మిషను బెల్టు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.
రోజూ దాంతోనే పనికి పోతాడు.
కొమ్ము దువ్వెనల పళ్ళు అరగదీసి
కాలిన వెంట్రుకల వాసనతో వస్తాడు.
ఆ వాసన నాకు పడదని వీధిలోనే చొక్కా విప్పుతాడు,
విప్పేముందు బెల్టు తీసి లుంగీలో దోపుకుంటాడు.
ఒకసారి దెబ్బలాడాను,
తొక్కనులే, చేత్తో గుండీలు కుట్టుకుంటానని.
గుండీలకి బెల్టెందుకే, అన్నాడు.

అత్తకి మొదట్లో నమ్మకం లేదు.
"కడుపుకి కుట్టేటే ఓలమ్మా, గోనెసంచికి ఏసినట్టు?
నాట్లలోంచి లేచొచ్చి ఏడుగుర్ని కన్నాను నేను."
ఎందరు మిగిలారని నేనడగలేదు.
ఓ మధ్యాహ్నం చింతపండు పిక్కలు తీస్తూ
తనే వేళ్ళు మడిచింది.
బతికినవాళ్ళకి ఒక చెయ్యి చాలింది.
ఆ రోజు నుంచి నన్ను బిందె ముట్టనివ్వదు.

మినతీ సబర శుక్రవారాలు వస్తుంది.
బీపీ చూసి, మూత్రం సీసా సంచిలో పెట్టుకుని
క్యాలెండరు మీద గీత గీసి పోతుంది.
మంటుందా, తెల్లబట్ట ఉందా, నడుం లాగుతోందా?
నొప్పి వచ్చేదాకా ఆగొద్దు,
కింద బరువనిపించినా ఫోను చెయ్యి, అంటుంది.

అప్పుడు నాకు నడుం లాగింది.
పెళ్ళిళ్ళ రోజులు, పద్దెనిమిది జాకెట్లు,
తొక్కుతూనే ఉన్నాను.
ఇది మేడానికి చెప్పాను, మొగుడికి చెప్పలేదు.
తొక్కినందుకు కాదమ్మా, మూతి పొట్టిదయింది,
నీ తప్పేం లేదు, అందామె.
ఒడియా నాకు బాగానే వచ్చు.
ఆ ఒక్క వాక్యం మాత్రం
రెండోసారి చెప్పించుకున్నాను.

ఇరవై ఆరో వారం, ఏడు రాత్రులూ
గుణుపురం బండి కూసేదాకా ముగ్గురం మేలుకునే ఉన్నాం,
ముగ్గురం నిద్ర నటిస్తూ.
ఎనిమిదో రోజు అత్త సగ్గుబియ్యం పాయసం వండింది.
పండగేమిటని అడిగినవాళ్ళు లేరు.

ముప్ఫైలో పొట్ట రాయిలా బిగిసింది.
అర్ధరాత్రి. మినతి రెండో రింగుకే ఎత్తింది.
బరంపురం దాకా ప్రతి గతుకూ లెక్కపెట్టాను,
నూటనలభై తర్వాత లెక్క తప్పింది.
లోపలి బిడ్డ ఊపిరికని రెండు సూదులు,
నాలుగు రోజుల మంచం.
కుట్టు ఊడలేదు.
పనివాడి చెయ్యి, అనుకున్నాను,
మా వాళ్ళలో ఎవర్నైనా మెచ్చుకున్నట్టు.

రేపటికి ముప్ఫై ఏడు నిండుతాయి. కుట్టు విప్పుతారు.
విప్పడం నిమిషం పని, నాకు తెలుసు.
ఇందాక దాలినాయుడు బెల్టు తీసి
మిషను మీద పెట్టాడు.
కాసేపు చూశాడు.
మళ్ళీ జేబులో వేసుకున్నాడు.